ఆర్థర్ కాంప్టన్ : బోధకుని కుమారుడు, విజ్ఞాని, విశ్వవిద్యాలయాధిపతి



దేవుడు కొందరికి జ్ఞానము నిచ్చును, కొందరికి అధికారము నిచ్చును. ఆ రెండును ఒకే మనుష్యుని చేతికి వచ్చినప్పుడు అతని లోపలి స్థితి బయటపడును. సొలొమోను చరిత్రము మనమందరము ఎరుగుదుము. అయితే ఈ నెల మేము మీ ముందుంచునది బైబిలులోని వ్యక్తి జీవితము కాదు; ఇరువదవ శతాబ్దమున అమెరికాలో జీవించిన ఆర్థర్ హాలీ కాంప్టన్ జీవితము. ఆయన గొప్ప విజ్ఞాని, ఒక విశ్వవిద్యాలయమునకు అధిపతి, తన విశ్వాసమును దాచుకొనని క్రైస్తవుడు. ఆయనను పొగడుటకు మాత్రమే మేము దీనిని వ్రాయుట లేదు. సత్యమును తెలిసికొనుట యొక పని. తెలిసిన సత్యమును తగిన వేళ చేయుట మరియొక పని. ఈ రెంటికి నడుమ ఎంత దూర ముండునో ఆయన జీవితము మనకు చూపించును.

బోధకుని ఇల్లు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో ఊస్టర్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట ప్రెస్బిటేరియను సంఘమువారి కళాశాలలో ఎలయస్ కాంప్టన్ అను బోధకుడు తత్త్వశాస్త్రము చెప్పుచు, డీను పదవిని కూడ నిర్వహించెను. ఆయన భార్య పేరు ఒటీలియా. ఆమె మెన్నొనైటు కుటుంబములో పుట్టినది. క్రైస్తవుడు యుద్ధమున ఆయుధము పట్టరాదని బోధించు సంఘమది. తెలంగాణలోని మహబూబ్‌నగరు ప్రాంతపు విశ్వాసులకు ఆ పేరు క్రొత్త కాదు. అక్కడి సంఘములు అనేకము మెన్నొనైటు మిషనరీల పరిచర్య వలన పుట్టినవే. తల్లిని గూర్చిన ఈ సంగతిని చదువరులు జ్ఞాపక ముంచుకొనవలెను.

ఈ దంపతులకు నలుగురు బిడ్డలు. పెద్దవాడు కార్ల్, కుమార్తె మేరీ, రెండవ కుమారుడు విల్సన్, కడగొట్టువాడు ఆర్థర్. ఆర్థర్ 1892 వ సంవత్సరము సెప్టెంబరు 10 వ తేదీన పుట్టెను. ముగ్గురు అన్నదమ్ములును ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టము పొందిరి. ముగ్గురును కాలక్రమమున విద్యాసంస్థలకు అధిపతులైరి. కార్ల్ 1930 నుండి 1948 వరకు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకును, విల్సన్ 1944 నుండి 1951 వరకు వాషింగ్టన్ రాష్ట్ర కళాశాలకును అధ్యక్షులుగా నుండిరి. మేరీ మాత్రము మన దేశమునకు వచ్చినది. ఆమె భర్త హెర్బర్ట్ రైస్ మిషనరీ. ఆయన తరువాత లాహోరులోని ఫోర్మన్ క్రైస్తవ కళాశాలకు ప్రిన్సిపా లాయెను. బిడ్డలను ఇట్లు పెంచిన ఒటీలియమ్మను 1939 లో అమెరికా దేశము ఆ యేటి ఆదర్శమాతగా గౌరవించెను. పేరు పత్రికల కెక్కుటకు ముందు అనేక సంవత్సరములు ఆమె పని వంటయింటిలోను, పిల్లల ప్రక్కనను జరిగినదని మన తల్లులు గుర్తింతురు గాక.

చిన్నప్పటినుండి ఆర్థరుకు ఆకాశమును చూచుట యిష్టము. 1910 లో హేలీ తోకచుక్క కనబడినప్పుడు ఆయన దానికి ఫోటో తీసెను. అయినను బోధకుని కుమారుడు గనుక, తాను కూడ సువార్తసేవకు వెళ్లవలెనేమో అను తలంపు ఆయన మనస్సులో నుండెను. ఇట్టి తలంపు గల కుమారుని చూచి సంతోషింపని బోధకు డుండడు. కాని ఎలయస్ అయ్యగారు తొందరపడలేదు. కుమారునికి దేవుడిచ్చిన వరమేదో ఆయన కనిపెట్టియుండెను. విజ్ఞానశాస్త్రములో నమ్మకముగా చేయు పని బోధకుని సేవకంటెను, మిషనరీ సేవకంటెను ఎక్కువ విలువగల క్రైస్తవసేవ కావచ్చునని ఆయన కుమారునికి సలహా చెప్పెను. ఆర్థర్ ఆ మాటను జీవితాంతము మరువలేదు. ప్రయోగశాలలో నిలుచుటయు దేవుని పనియే అని నమ్మి ఆయన ఆ దారిని పట్టెను.

వెలుగు చెప్పిన సంగతి

ఆయన 1913 లో ఊస్టరులో పట్టభద్రుడై, 1916 లో ప్రిన్స్‌టనులో డాక్టరు పట్టము పొందెను. ఆ యేడే తనతో ఊస్టరులో చదివిన బెట్టీ మెక్‌క్లాస్కీని వివాహమాడెను. ఒక సంవత్సరము మిన్నెసోటాలో పాఠములు చెప్పి, తరువాత రెండేండ్లు వెస్టింగ్‌హౌస్ దీపముల కంపెనీలో పనిచేసెను. మన పట్టణపు వీధులలో చాలకాలము పసుపుపచ్చని వెలుగునిచ్చిన సోడియం దీపములను వృద్ధిచేయు పనిలో ఆయన చేయి కూడ నున్నది. 1919 లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లి, ఒక సంవత్సర మచ్చట పరిశోధన చేసి, 1920 లో సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర శాఖకు పెద్దగా చేరెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది యెనిమిదేండ్లు.

అచ్చటనే ఆయనకు గొప్ప పేరు తెచ్చిన పని జరిగెను. దానిని మాకు తెలిసినంత సులభముగా చెప్పుదుము. చెరువులో రాయి వేసినప్పుడు అలలు లేచునట్లు వెలుగు కూడ అలలుగా ప్రయాణించునని ఆనాటి శాస్త్రజ్ఞులలో అధికులు నమ్మిరి. ఆసుపత్రిలో విరిగిన ఎముకను చూపించు ఎక్స్‌రే కిరణములు కూడ ఒక విధమైన వెలుగే. కాని వాటి అలలు మిక్కిలి పొట్టివి. కాంప్టన్ ఈ కిరణములను గ్రాఫైటు ముక్కపై పడవేసెను. గ్రాఫైటనగా మన బిడ్డల పెన్సిలులోని నల్లని పదార్థమే. ముక్కను తగిలి ప్రక్కకు చెదరిన కిరణములను ఆయన కొలిచి చూడగా, వాటిలో కొన్నిటి అల మునుపటికంటె పొడుగైనట్లు కనబడెను. వెలుగు వట్టి అలయే యైనచో ఇట్లు జరుగరాదు.

ఇక్కడ మనము గమనింపవలసినది ఆయన తెలివిని మాత్రమే కాదు, ఓపికను కూడ. మొదట ఆయన ఎలక్ట్రాను అను అణుభాగము అందరు తలంచినదానికంటె పెద్దదని చెప్పి చూచెను. అది నిలువలేదు. తరువాత, పదార్థములోనుండి క్రొత్త కిరణములు పుట్టుచున్నవని తలంచెను. అదియు నిలువలేదు. తాను ముందు వ్రాసి ప్రకటించిన మాట పోవుచున్నదని ఆయన పంతము పట్టలేదు. పనిముట్టు చూపిన దానిని నమ్మి, తన అభిప్రాయమును విడిచిపెట్టెను. తుదకు 1922 లో సంగతి తేటపడెను. ఒక గోలీ మరియొక గోలీకి తగిలి, తన బలములో కొంత దానికిచ్చి, తాను మెల్లగా ప్రక్కకు దొర్లును గదా. అట్లే ఎక్స్‌రే కిరణము ఒక చిన్న గుండువలె ఎలక్ట్రానును తాకి, తన శక్తిలో కొంత దానికి విడిచిపెట్టుచున్నది. శక్తి తగ్గినందున అల పొడవగుచున్నది. అనగా వెలుగు అలవలె నడచుటయే గాక, గుండువలె తగులును కూడ. 1923 లో ఈ సంగతి అచ్చుపడెను. దీనికే కాంప్టన్ ఫలితమని పేరు.

అందరును వెంటనే ఒప్పుకొనలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు విలియం డ్యువేన్ అను పెద్ద శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో ఈ ఫలితము రావడము లేదని వాదించెను. ఇద్దరును 1924 లో కెనడాలోని టొరాంటోలో పెద్ద సభయెదుట వాదించుకొనిరి. ఆ సభలో మన సర్ సి. వి. రామన్ కూడ నుండెను. అయితే ఈ వాదము పగగా మారలేదు. ఒకరి ప్రయోగశాలకు ఒకరు వెళ్లి చూచిరి. కడపట డ్యువేన్ తన కొలతలలోని పొరపాటును తానే కనిపెట్టి, అందరియెదుట ఒప్పుకొనెను. సంఘపు మీటింగులలో ఇట్లు జరిగిన ఎంత బాగుండునని మాకు తోచుచున్నది. కాంప్టన్ చూచిన దానివంటిది మామూలు వెలుగులో కూడ జరుగునా అను ఆలోచన రామనుగారికి ప్రేరణలలో ఒకటియై, 1928 లో కలకత్తాలో ఆయన తన గొప్ప సంగతిని కనుగొనెను.

కాంప్టన్ 1923 లోనే చికాగో విశ్వవిద్యాలయమునకు మారెను. 1927 లో స్కాట్లండు విజ్ఞాని సి. టి. ఆర్. విల్సనుతో కలిసి నోబెలు బహుమానము పొందెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు.

మన దేశములోను, లోకమంతటను

బహుమానమునకు ముందటి యేడు ఆయన భార్యతో మన దేశమునకు వచ్చెను. 1926-27 లో, ఇప్పుడు పాకిస్తానులోనున్న లాహోరులో, పంజాబు విశ్వవిద్యాలయమున నుండి పాఠములు చెప్పెను. కాశ్మీరు కొండలకు వెళ్లి విశ్వకిరణముల పరిశోధనలో పాల్గొనెను. విశ్వకిరణములనగా ఆకాశపు దూరప్రదేశముల నుండి రాత్రింబగళ్లు భూమిపై వర్షించు, కంటికి కనబడని కిరణములు. అవి ఈ క్షణమున మన ఇంటి కప్పు మీదను, మన పొలము మీదను పడుచున్నవి.

అవి యేమిటి అను ప్రశ్న తరువాతి సంవత్సరములలో ఆయనను లోకమంతట త్రిప్పెను. రాబర్ట్ మిలికన్ అను మరియొక నోబెలు విజ్ఞాని, ఈయనయు ఒక బోధకుని కుమారుడే, అవి వెలుగువంటి కిరణములని చెప్పెను. కాంప్టన్ అవి విద్యుత్తు కలిగిన రేణువులై యుండవచ్చునని తలంచెను. వెలుగైనచో భూమి అంతటను ఒకే తీరుగ పడవలెను. విద్యుత్తు గల రేణువులైనచో భూమిలోని అయస్కాంతబలము వాటిని వంచును గనుక, భూమధ్యరేఖ దగ్గర తక్కువగాను, ధ్రువముల వైపు ఎక్కువగాను పడవలెను. దీనిని కూర్చుండి వాదించుటకంటె కొలిచి చూచుట మేలు. ఆయన 8 యాత్రాబృందములను ఏర్పాటుచేసి 69 స్థలములలో కొలతలు తీయించెను. తానును స్వయముగా భార్యను, పెద్దకుమారుని వెంటబెట్టుకొని హవాయి, న్యూజీలాండు, పెరూ మొదలగు చోట్లకును, కెనడా ఉత్తరపు చలిప్రాంతములకును పోయెను. ఆయన తలంచినట్లే కొలతలు వచ్చెను. ఓడలలో ప్రయాణించుచు యాకోబ్ క్లే అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ భేదమును ముందే చూచియుండెను. కాంప్టన్ పనితో అది లోకమంతటికి స్థిరపడెను.

ఈ దినములలోనే ఆయన చర్చీలలోను, కళాశాలలలోను విశ్వాసమును గూర్చియు, మనుష్యుని స్వేచ్ఛను గూర్చియు ప్రసంగించెను. ఆ ప్రసంగములనుండి 1935 లో ఒక పుస్తకము వెలువడెను. శాస్త్రము చదివినవాడు ప్రార్థించుటకు సిగ్గుపడనక్కర లేదని ఆయన జీవితమే సాక్ష్యమిచ్చెను. క్రైస్తవులకును యూదులకును నడుమ స్నేహము పెంచు జాతీయసభలో కూడ ఆయన నాయకుడుగా నుండెను. జర్మనీలో యూదులు హింసింపబడుచున్న దినములవి.

గ్రాఫైటు దిబ్బ

ఇక మనము కష్టమైన భాగమునకు వచ్చుచున్నాము. దీనిని దాటిపోయినచో ఆయన కథ సగమే చెప్పిన వారమగుదుము.

రెండవ ప్రపంచయుద్ధములో, యురేనియములోని శక్తితో జర్మనీ ముందుగా బాంబును చేయునేమో అను భయము అమెరికా విజ్ఞానులను పట్టుకొనెను. 1941 లో ఈ విషయమును విచారించిన సంఘమునకు కాంప్టన్ అధ్యక్షుడు. 1942 లో చికాగోలో రహస్యముగా స్థాపించిన ప్రయోగశాలకు ఆయనే పెద్ద. అచ్చట ఎన్రికో ఫెర్మీ అను ఇటలీ దేశపు విజ్ఞాని ఆధ్వర్యమున గ్రాఫైటు ఇటుకలను, యురేనియమును పేర్చి ఒక పెద్ద దిబ్బ కట్టిరి. ఇరువది యేండ్లక్రిందట సెయింట్ లూయిసులో కాంప్టన్ చేతిలో నున్నది చిన్న గ్రాఫైటు ముక్క. ఇప్పుడు వందల టన్నుల గ్రాఫైటు. ఒక దీపము రెండు దీపములను, ఆ రెండు నాలుగింటిని వెలిగించినట్లు, ఒక అణువు పగిలి మరికొన్ని అణువులను పగులగొట్టుచు పోవునా అని చూచుట వారి ఉద్దేశము.

దీనిని నగరమునకు వెలుపల అడవిలో కట్టవలెనని మొదట నిర్ణయించిరి. పనివారి తగవు వలన ఆ భవనము ఆలస్యమాయెను. అప్పుడు విశ్వవిద్యాలయపు ఆటస్థలము మెట్లక్రింద నున్న ఒక గదిలోనే కట్టుటకు కాంప్టన్ ఒప్పుకొనెను. చుట్టును లక్షలాది జనులు నివసించు నగరము. ఈ మాట ఆయన విశ్వవిద్యాలయపు అధ్యక్షునికి సహితము చెప్పలేదు. అడిగినచో ఆయన వద్దని చెప్పక తప్పదని ఎరిగి, ఆ భారమును తన మీదనే వేసికొనెను. 1942 డిసెంబరు 2 వ తేదీ మధ్యాహ్నము ఆ ప్రయోగము జరిగెను. ఏ అపాయమును కలుగలేదు. మనుష్యుడు అణుశక్తిని తన చేతిలోనికి తీసికొనిన దినమది.

1945 వేసవి వచ్చునప్పటికి జర్మనీ ఓడిపోయినది. జపాను ఇంకను పోరాడుచుండెను. ఏ భయముతో పని మొదలుపెట్టిరో ఆ భయము తొలగిపోయినది, గాని బాంబు సిద్ధమగుచున్నది. కాంప్టన్ క్రింద పనిచేసిన చికాగో విజ్ఞానులలో కొందరు, జేమ్స్ ఫ్రాంక్ అను పెద్దమనిషి నాయకత్వమున, ముందుచెప్పక నగరముపై బాంబు వేయరాదనియు, జనము లేనిచోట వేసి చూపవలెననియు మనవి వ్రాసిరి. కాంప్టన్ దానిని తొక్కిపెట్టలేదు. యుద్ధమంత్రి కార్యాలయమునకు తానే చేర్చెను. అయితే, యుద్ధము సాగినచో పోవు ప్రాణములను ఈ మనవి లెక్కింపలేదని తన చీటీ కూడ జతపరచెను. తరువాత జూన్ 16 వ తేదీన ఆయనయు, ఫెర్మీ, లారెన్సు, ఓపెన్‌హైమరులును కలిసి, వట్టి ప్రదర్శనతో యుద్ధము ముగియునని తాము నమ్మలేకున్నామని ప్రభుత్వమునకు తెలియజేసిరి. ప్రభుత్వపు ఆలోచనసభలో ఆయన అన్న కార్ల్ కూడ సభ్యుడు. మెన్నొనైటు ఇంట పుట్టిన తల్లియొక్క ఇద్దరు కుమారులు ఆ నిర్ణయమునకు సమీపమున కూర్చుండిరి. ఒటీలియమ్మ ఆ మునుపటి సంవత్సరమే, 1944 లో, ప్రభువునందు నిద్రించినది.

ఆగస్టు 6 వ తేదీన హిరోషిమా, 9 వ తేదీన నాగసాకి నాశనమాయెను. రెండు నగరములలోను లక్షకు మించి ప్రాణములు పోయెను. నాగసాకి బాంబులోనిది ప్లుటోనియము; దానిని తయారుచేయు విధానమును ఏర్పరచినది కాంప్టన్ నడిపిన ప్రయోగశాలయే. అది ఉరాకామి లోయపై పేలెను. రెండు శతాబ్దములకు పైగా కాపరి లేక, గుడి లేక, హింసలలో క్రీస్తు నామమును రహస్యముగా దాచుకొని బిడ్డలకు అందించిన విశ్వాసుల సంతతివారు ఆ లోయలో నివసించుచుండిరి. వారి దేవాలయము కూలిపోయెను. వేలాది విశ్వాసులు చనిపోయిరి.

ఆ నిర్ణయము యుద్ధమును ముగించి అనేకుల ప్రాణములను కాపాడినదని కాంప్టన్ జీవితాంతము నమ్మెను. 1956 లో ప్రచురించిన పుస్తకములో కూడ ఆయన దానినే చెప్పెను. కాదనువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. మేము న్యాయాధిపతులము కాము. కాని ఒక సంగతి చెప్పవలెను. బాంబు పడిన రెండు నెలలలోపల, ఇంకను భయంకరమైన హైడ్రోజను బాంబును గూర్చి ఆలోచన వచ్చినప్పుడు, ఆ నలుగురి పక్షమున కాంప్టన్ ఒక మంత్రికి ఉత్తరము వ్రాసెను. అంత గొప్ప నాశనముతో గెలుచుటకంటె యుద్ధములో ఓడిపోవుటయే మేలని తాము తలంచుచున్నందున, ఆ పనికి పూనుకొనరాదని ఆయన అందులో తెలియజేసెను. పాలకులు ఆ మాట వినలేదు. కాని నాగసాకి తరువాత ఆయన హృదయములో ఒక గీత గీయబడినదని ఆ ఉత్తరము చూపుచున్నది.

అధిపతి ఆసనము

1945 లో ఆయన తాను యౌవనమున పనిచేసిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకే ఛాన్సలరుగా తిరిగివచ్చెను. మన దేశములో వైస్‌ఛాన్సలరు చేయు పనిని అక్కడ ఛాన్సలరు చేయును. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వము చదువు ఖర్చు నిచ్చినందున తరగతులు క్రిక్కిరిసిపోయెను. కాంప్టన్ తనతో యుద్ధకాలములో పనిచేసిన మంచి విజ్ఞానులను పిలిపించెను. ప్లుటోనియమును కనుగొనినవారిలో జోసెఫ్ కెన్నెడీ, ఆర్థర్ వాల్ అనువారు అట్లు వచ్చినవారే. అక్కడి వైద్యకళాశాలలో గెర్టీ కోరీ అను స్త్రీ అనేక సంవత్సరములు భర్తతో సమానముగా పరిశోధన చేయుచు, తక్కువ హోదాలోనే యుండెను. 1947 లో ఆమెకు పూర్తి ఆచార్యపదవి నిచ్చిరి.  ఆ యేడే ఆమెకు, ఆమె భర్తకు నోబెలు బహుమానము వచ్చెను.

చిన్న సంగతులను కూడ ఆయన విడువలేదు. ఆవరణలో మోటారుకార్లు వేగముగా పోవుట చూచి, బండిని విరుగగొట్టక మెల్లగా నడిపించు పొడవైన గట్టును రోడ్డుపై వేయుటకు లెక్కలు కట్టెను. మన రోడ్లమీద స్పీడ్‌బ్రేకరు దాటునప్పుడు చదువరులు ఈ నోబెలు విజ్ఞానిని ఒకసారి తలంచుకొనవచ్చును.

అయితే ఆ విశ్వవిద్యాలయపు తలుపు ఒకటి మూయబడియుండెను. ఆ నగరములో నీగ్రోలని పిలువబడిన నల్లజాతివారు వేలాదిగా నుండిరి. వారు పన్నులు కట్టిరి, యుద్ధములో పోరాడిరి, ఆ ప్రభువునే ఆరాధించిరి. వారి బిడ్డలకు ఆ డిగ్రీ తరగతులలో చోటు లేదు. అదే నగరములో కథోలికులు నడుపు సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయములో, 1944 ఫిబ్రవరిలో క్లాడ్ హైథస్ అను గురువు ఈ అన్యాయమును గూర్చి దేవాలయములోనే ప్రసంగించెను. ఆ వేసవిలోనే అక్కడ తలుపులు తెరువబడెను. కాంప్టన్ వచ్చునప్పటికి ఇరుగుపొరుగున ఈ మాదిరి కనబడుచునే యుండెను.

ఆయన ఆ తలుపును మూసియుంచవలెనని పోరాడినవాడు కాడు. మెల్లగా, ఒక్కొక్క శాఖను, పై తరగతులనుండి తెరచుచు వచ్చిరి. విద్యార్థులలో కొందరు త్వరపెట్టిరి. డిగ్రీ తరగతులలో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశము 1952 లో గాని కలుగలేదు. ఆ నగరపు పెద్ద విద్యాసంస్థలలో ఇదియే కడపటిది. మంచి పని ఆయన కాలములోనే జరిగినదని చెప్పవచ్చును. ఆలస్యము కూడ ఆయన కాలములోనే జరిగినదని చెప్పవలెను. ఏడేండ్లు చరిత్రలో కొద్దికాలమే. పదునెనిమిదేండ్ల పిల్లవానికి అది చదువుకొను వయస్సంతయు. బడి గడపకు వెలుపల నిలిచిన తాతల కథలు వినిన మనలో అనేకులకు దీనిని విడమరచి చెప్పనక్కర లేదు.

1953 లో ఆయన ఆ పదవిని విడిచిపెట్టి, 1961 వరకు అచ్చటనే ఆచార్యుడుగా నుండెను. 1962 మార్చి 15 వ తేదీన కాలిఫోర్నియాలోని బర్కిలీలో మెదడులో రక్తనాళము చిట్లి కన్నుమూసెను. తండ్రి బోధించిన ఊస్టర్ పట్టణములోనే ఆయన దేహము సమాధి చేయబడెను. 1991 లో అమెరికావారు ఆకాశమును పరిశీలించుటకు పంపిన ఒక పెద్ద ఉపగ్రహమునకు ఆయన పేరు పెట్టిరి. అది 2000 వరకు పనిచేసెను.

మనకు పాఠము

ఈ జీవితమును చదివి మేము రెండు సంగతులు తలంచుచున్నాము.

మొదటిది, ప్రయోగశాలలో ఆయన నమ్మకత్వము. తాను చెప్పిన మాట తప్పని కొలత చూపినప్పుడు ఆయన మాటను మార్చుకొనెను, కొలతను మార్చలేదు. మన బిడ్డలు సైన్సు చదువుటవలన విశ్వాసము పోవునని భయపడు తలిదండ్రులు ఎలయస్ అయ్యగారిని చూడవలెను. వెలుగును కలుగజేసినవాడు దేవుడైనచో, ఆ వెలుగును నిజాయితీగా కొలుచువాడు ఆయనకు దూరమగుట లేదు. పొలము దున్నువానికి, పాఠము చెప్పువానికి, ఆసుపత్రిలో నర్సుపని చేయు మన అమ్మాయికి కూడ పిలుపు కలదు. ప్రసంగపీఠము ఒక్కటే దేవుని సేవ కాదు.

రెండవది, అధికారపు ఆసనములో కలుగు శోధన. గ్రాఫైటు ముక్కతో ఒంటరిగా నున్నప్పుడు సత్యము వైపు నిలుచుట ఆయనకు సాధ్యమాయెను. కాని యుద్ధమంత్రి కార్యాలయములోను, ధర్మకర్తల సభలోను, నగరపు పెద్దలనడుమను సత్యము ఒక్కటే కొలత కాలేదు. ఎవరికి కోపము వచ్చును, ఎవరు చందా ఆపుదురు, ఇంకొంచెము ఆగిన నష్టమేమి అను మాటలు అక్కడ వినబడును. ఇంత పట్టుదల, ఇంత విశ్వాసము గలవాడే ఆ ఆసనములో ఆలస్యము చేసినచో, మనము ఎంత మెలకువగా నుండవలెను! యోసేపు అరిమతయియవాడు శిష్యుడై యుండియు భయముచేత దానిని దాచెను. చివరకు ప్రభువు దేహము కొరకు ధైర్యముగా పిలాతునొద్దకు వెళ్లెను. అది మంచి పనియే. కాని ప్రభువు బ్రదికియున్నప్పుడే ఆ ధైర్యము వచ్చినచో ఇంకను మంచిదికాదా?

మనలో ఛాన్సలరులు లేరు. కాని సంఘపెద్దలున్నారు, బడికమిటీ సభ్యులున్నారు, పంచాయతీ సభ్యులున్నారు, ఇంటి యజమానులున్నారు. ప్రతివాని చేతిలోను ఏదో యొక తలుపు గడియ కలదు. తాము తెరువవలసిన తలుపేదో అధికముగా అందరికి తెలియును. మనము ఈ నెల ప్రార్థనలో అడుగవలసినది ఇదియే: ఆ తలుపు వెలుపల ఎంతకాలమునుండి ఎవరు నిలిచియున్నారో చూచు కన్నులను, రేపటివరకు ఆగక తెరచు చేతులను ప్రభువు మనకు దయచేయును గాక.